ఆపత్కాలమున ధ్యానము – గోల్కొండ చెరసాల చెప్పే చరిత్ర



సత్సంగములలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యా, ధ్యానం చేద్దామని కూర్చుంటాము. కళ్ళు మూయగానే అప్పులవాడి ముఖం కనిపిస్తుంది. ఆసుపత్రిలో ఉన్న బిడ్డ గుర్తుకు వస్తాడు. మనస్సు కాస్త కుదుటపడిన తరువాత మొదలుపెడితే మేలు కదా?" అని. అడిగేవారిలో గృహిణులున్నారు, ఉద్యోగులున్నారు, పరీక్షల భయంతో నిద్రపట్టని విద్యార్థులూ ఉన్నారు. మనస్సు శాంతించినవారికే ధ్యానం తగినదని, కష్టంలో ఉన్నవారు దానికి అనర్హులని వీరందరూ లోలోపల నమ్ముతున్నారు. అందువల్ల కష్టంతోపాటు "నేను పూజకు కూడా పనికిరాకపోతిని" అనే మరొక బరువును కూడా మోస్తున్నారు.

దీనికి వేదాంత పరిభాషలో సమాధానం చెప్పవచ్చును. కాని నేటి ప్రసంగంలో మనము చరిత్రనే సాక్షిగా పిలుద్దాము. మన దేశంలో ధ్యానానికి మార్గం వేసినవారు ఎటువంటి స్థితిలో ఉండి వేశారు? తీరిక దొరికిన తరువాతనా, దొరకని నాడా?

మొదట గీతను చూడండి. అది ఉపదేశింపబడిన చోటు తపోవనం కాదు, రెండు సేనల నడుమ నిలిచిన రథం. విన్నవాడు చేతులు వణికి, ఒళ్ళు మండి, విల్లు జారవిడిచినవాడు. ఆరవ అధ్యాయంలో ధ్యానవిధి చెప్పిన వెంటనే అర్జునుడు మనమడిగే ప్రశ్ననే అడిగినాడు. మనస్సు గాలివంటిది, దానిని పట్టడం నావల్ల కాదన్నాడు. స్వామి ఆ మాటను కాదనలేదు. కష్టమే సుమా అని ఒప్పుకొని, అభ్యాసము, వైరాగ్యము అనే రెండింటిని చెప్పినాడు. ఏడవ అధ్యాయంలో తనను భజించే నాలుగు రకాల పుణ్యాత్ములను లెక్కించేటప్పుడు భగవానుడు మొట్టమొదట చెప్పినది ఆర్తుని పేరు. ఆర్తుడంటే ఆపదలో పడి కుమిలేవాడు. జ్ఞాని పేరు ఆ వరుసలో చివర వస్తుంది. జ్ఞాని శ్రేష్ఠుడన్న మాట నిజమే, దానిని ఆ వెంటనే స్వామియే చెప్పినాడు. అయినా గుమ్మం దగ్గర ముందుగా నిలిచినవాడు ఆర్తుడే.

పతంజలి మహర్షి మరీ స్పష్టంగా చెప్పినారు. యోగసూత్రాల మొదటి పాదంలో చిత్తం చెదిరినప్పుడు దానితో కూడా వచ్చే లక్షణాలను లెక్కించినారు: దుఃఖం, మనస్సు క్రుంగిపోవడం, శరీరం వణకడం, ఉచ్ఛ్వాస నిశ్వాసలు అదుపు తప్పడం. నేడు వైద్యుని ముందు కూర్చుని "గుండె దడగా ఉందండీ, ఊపిరి ఆడటం లేదండీ" అని చెప్పుకొనేవారి మాటలు ఇవే కదా! ఆ వెనువెంటనే వాటికి ఉపాయం చెప్పినారు: ఏదైనా ఒక్క తత్త్వాన్ని పట్టుకొని అభ్యసించమన్నారు. ఊపిరిని మెల్లగా వెలుపలికి విడిచి నిలపడం ఒక మార్గమన్నారు. చివరకు ఎవరికి ఇష్టమైనదానిని వారు ధ్యానించినా చాలునన్నారు. చెదిరిన మనస్సు కలవాడిని ఉద్దేశించి వ్రాసిన భాగం ఇది. ఇందులో వాడికి ప్రవేశం లేదన్న మాట ఎక్కడా కనిపించదు.

శాస్త్రాల సంగతి ఇది. ఇక శాస్త్రం చదువుకొనే వీలు కూడా లేని చోట ఒక మనిషి ఏమి చేసినాడో చూద్దాము. అందుకు మన తెలుగునాట భద్రాచల రామదాసుకంటే మంచి ఉదాహరణ మరొకటి లేదు.

కంచెర్ల గోపన్న పదిహేడవ శతాబ్దివాడు. ఊరు నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. అప్పుడు గోల్కొండను ఏలుతున్నది కుతుబ్‌షాహీ వంశంలో కడపటివాడైన అబుల్ హసన్, మన తానీషా. 1672లో సింహాసనమెక్కినాడు. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న అనే సోదరులు పెద్ద అధికారులు. వారు గోపన్నకు మేనమామలు. వారి ప్రాపకంతో గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారైనాడు. గోదావరి ఒడ్డున భద్రగిరిపై పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, తాటిపండు నివేదించి కొలుచుకొంటున్నదని స్థలపురాణం చెబుతుంది. గోపన్న ఆ పందిరి ఉన్న చోట గుడి కట్టించినాడు. నగలు చేయించినాడు. ఖజానాకు చేరవలసిన శిస్తు సొమ్మును గుడికి వెచ్చించినాడన్న నేరంపై గోల్కొండ కోటలో చెరసాల పాలైనాడు. అది పన్నెండేళ్ళని సంప్రదాయం.

ఇక్కడ మనము ఒక్క క్షణం ఆగాలి. రామలక్ష్మణులు బంటుల వేషంలో వెళ్ళి ఆరు లక్షల మొహరీలు చెల్లించి గోపన్నను విడిపించిన కథ మన అందరికీ తెలుసు. హరికథలలో, సినిమాలలో ఆ ఘట్టం రాగానే కళ్ళు చెమరుస్తాయి. భక్తుల నమ్మకం అది, దానిపై వ్యాఖ్యానించడం మా ఉద్దేశ్యం కాదు. కాని ఆ ఒక్క రాత్రిని తలచుకొనే తొందరలో మనము పన్నెండేళ్ళను మరచిపోతున్నాము. విడుదల ఒక్క రాత్రి జరిగినది. ఆ ముందటి వేల రాత్రులు ఆయన ఎలా గడిపినాడు? ధ్యానం గురించి తెలుసుకోదలచినవాడు అడగవలసిన ప్రశ్న ఇది.

గోల్కొండ కోటకు వెళ్ళినవారు రామదాసు బందిఖానా అని చూపించే చీకటి గదిని చూసే ఉంటారు. పైన వెలుతురుకు చిన్న సందు, ఎత్తైన రాతి గోడలు. గోడపై రాముడు, ఆంజనేయుడు మొదలైన మూర్తులు చెక్కి ఉన్నవి. వాటిని రామదాసే చెక్కినాడని చెబుతారు. ఆ గదిలో పూలు లేవు, దీపం లేదు, మడి లేదు, గంట లేదు, ప్రసాదం లేదు. పూజకు మనము అవసరమనుకొనే వస్తువులలో ఒక్కటీ లేదు. మిగిలినవి ఊపిరి, గొంతు, నామం. ఆ మూడింటితోనే ఆయన కాలం గడిపినాడు. కీర్తనలలో పెక్కు ఆ చెరలో పుట్టినవేనని సంప్రదాయం.

ఆ కీర్తనలను శ్రద్ధగా వినేవారికి ఒక సంగతి తెలుస్తుంది. అవి ప్రశాంతచిత్తంతో పాడినవి కావు. ప్రసిద్ధమైన ఒక కీర్తనలో ఆయన తాను చేయించిన నగలను పేరుపేరునా లెక్కపెట్టి, ఒక్కొక్కదానికి ఎంత ఖర్చయినదో చెప్పి, ఇవి ఎవరి సొమ్మని పెట్టుకొని ఊరేగుతున్నావని స్వామిని నిలదీస్తాడు. తహసీల్దారు బుద్ధి ఎక్కడికి పోతుంది! దేవుని ముందు కూడా జమాఖర్చుల చిట్టా విప్పినాడు. అంతలోనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను గాని కోపగించుకోవద్దని కాళ్ళమీద పడతాడు. మరొకచోట స్వామి వినడం లేదని సీతమ్మ తల్లిని మధ్యవర్తిగా పంపుతాడు. ఇంట్లో తండ్రికి కోపం వస్తే పిల్లలు తల్లి కొంగు పట్టుకొన్నట్లే.

కోపం, భయం, అలక, అప్పు లెక్క, ఒంటి నొప్పి, ఇవన్నీ ఆ పాటలలో ఉన్నవి. మనము ధ్యానానికి అడ్డమని చెప్పుకొనేవి ఇవే కదా. రామదాసు వీటిని తొలగించుకొని తరువాత రాముని తలచలేదు. వీటినే రాముని వైపు త్రిప్పినాడు. బాకీ గురించి ఆలోచన ఆగనప్పుడు, ఆ బాకీ సంగతి రామునితోనే మాట్లాడినాడు. మా దృష్టిలో ఆయన మనకు ఇచ్చిపోయిన ధ్యానపద్ధతి ఇదే. మనస్సులో ఏది మెదలుతున్నా దానిని ఒక ముఖం వైపు త్రిప్పి చెప్పడం. దీనికి గురుదక్షిణ లేదు, ఆసనం లేదు, ముహూర్తం లేదు.

పూర్వజన్మలో చిలుకను పన్నెండు రోజులు పంజరంలో ఉంచినందువల్ల పన్నెండేళ్ళ చెర కలిగినదని పెద్దలు కథగా చెబుతారు. ఇంత మంచివాడికి ఇంత శిక్ష ఎందుకన్న ప్రశ్నకు జనం వెతుక్కున్న జవాబు అది. ఆ తరువాతి చరిత్ర మాత్రం విచిత్రమైనది. 1686లో అక్కన్న మాదన్నలు గోల్కొండ వీధులలో హత్యకు గురైనారు. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోటను పట్టుకొన్నవి. గోపన్నను చెరలో ఉంచిన తానీషాయే బందీ అయి, దౌలతాబాద్ కోటలో ఉండి అక్కడే కన్నుమూసినాడు. కుతుబ్‌షాహీ రాజ్యం అంతటితో ముగిసినది. చీకటి గదిలో పాడిన పాటలు మాత్రం భజనమందిరాలలో, పెళ్ళి పందిళ్ళలో వినిపిస్తూనే ఉన్నవి. తానీషా ప్రారంభించినాడని చెప్పే ముత్యాల తలంబ్రాల మర్యాద కూడా శ్రీరామనవమి కల్యాణంలో నిలిచినది.

రామదాసు తన సాధన గురించి వచనంలో ఏమీ వ్రాయలేదు, పాటలనుబట్టి మనము ఊహించుకోవలసినదే. మనకు దగ్గర కాలంలో, తన చెరసాల అనుభవాన్ని తానే పుస్తకంగా వ్రాసి పెట్టిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన శ్రీ అరవిందులు. 1908 మే నెలలో ఆయనను కలకత్తాలో అరెస్టు చేసి అలీపూర్ జైలుకు పంపినారు. ఏడాదిపాటు విచారణ జరిగి, 1909 మే నెలలో నిర్దోషిగా విడుదలైనారు. ఆ ఏడాది సంగతులను వంగభాషలో "కారాకాహినీ" అనే పేర వ్రాసినారు. ఉంచిన గది తొమ్మిదడుగుల పొడవు, అయిదారడుగుల వెడల్పు. ఇనుప ఊచల తలుపు. పరుపు బదులు రెండు కంబళ్ళు. కడుక్కోవడానికీ, తినడానికీ, త్రాగడానికీ ఒకే ఒక గిన్నె. ఆ గిన్నె సర్వకార్యదక్షతను గురించి ఆయన చేసిన హాస్యం చదివి తీరవలసినది.

మనకు కావలసిన విషయం ఇది. అప్పటికి అరవిందులు ధ్యానానికి కొత్తవారు కారు. కొన్నేళ్ళుగా ప్రాణాయామం చేస్తున్నారు. అదే 1908 ఆరంభంలో బరోడాలో విష్ణు భాస్కర లేలే అనే యోగి సన్నిధిలో కూర్చుని నిశ్చలస్థితిని పొందియున్నారు. అంతటివారికి కూడా ఏకాంత కారాగారంలో మొదటి రోజులు దుర్భరమైనవి. ఆలోచనలు అదుపు తప్పినవి, మతి చెడుతుందేమోనన్న భయం కలిగినది. అప్పుడు పెద్ద సాధన ఏదీ చేయలేదు, బుద్ధి చెదరనీయవద్దని భగవంతుని ప్రార్థించినారు. మనస్సుకు చల్లదనం కలిగినది. ఇంటి నుండి గీత, ఉపనిషత్తులు తెప్పించుకొనే అనుమతి దొరికినది. అవి చేతికి రాకముందు ఆయన చూపు నిలిపినది చీమలపై! ఎర్రచీమలు నల్లచీమలతో పోరాడుతుంటే నల్లచీమలను కాపాడుతూ కొంత సేపు గడిపినట్లు వ్రాసుకొన్నారు. మనస్సు నిలవని రోజున ఎదుట కదిలే చిన్న ప్రాణిని జాలితో చూడటం కూడా ఏకాగ్రతయే. వసారాలో కూర్చున్న ముదుసలివారు పిచ్చుకలకు నూకలు చల్లి చూస్తూ ఉండిపోవడం మనకు తెలియనిదా?

ఇవి చెరసాలల కథలు. మనలో చాలామంది చెర వేరు. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటిదాకా తీరిక లేకపోవడమే వారి చెర. అటువంటివారికి పూర్వికురాలు జనాబాయి. పదమూడు, పద్నాలుగు శతాబ్దుల నాటి పండరీపురంలో నామదేవుని ఇంట దాసిగా ఉన్నది. విసరడం, దంచడం, ఊడ్వడం, నీళ్ళు తేవడం, పిడకలు చేయడం ఆమె పనులు. ధ్యానానికి వేరే వేళ ఆమెకు ఎవరిస్తారు? తిరగలి తిరుగుతున్నంత సేపూ విఠలుని పాడుకొన్నది. విఠలుడే వచ్చి తిరగలి పిడి పట్టుకొన్నాడని మహారాష్ట్ర భక్తుల కథ. పండరీపురం దగ్గర గోపాళపురంలో ఆమె తిరగలి అని ఒకదానిని నేటికీ చూపుతారు.

మన ఇళ్ళలో కూడా ఈ సంప్రదాయం లేకపోలేదు. తిరగలి పాటలు, రోకటి పాటలు పండితులు వ్రాసినవి కావు. "ఊర్మిళాదేవి నిద్ర", "లక్ష్మణదేవర నవ్వు" వంటి పాటలు తరాల తరబడి స్త్రీల నోట నిలిచినవి. పద్నాలుగేళ్ళు భర్తకు దూరమైన ఊర్మిళ దుఃఖాన్ని ఒక కోడలు పాడుకొన్నదంటే, తన దుఃఖాన్ని కూడా ఆ పాటలో కలిపి దంచి ఉంటుందని వేరే చెప్పాలా? తిరగలి రాతికి ఒక లయ ఉన్నది, చేతికి ఒక లయ, ఊపిరికి ఒక లయ. మూడూ కలిసినప్పుడు మనస్సు దానంతట అదే ఒక గాడిలో పడుతుంది. ఇప్పుడు తిరగలి అటక ఎక్కినది, మిక్సీ రొదలో పాట వినబడదు. అయినా గిన్నెలు తోమడం, బట్టలు ఆరవేయడం, చపాతీలు వత్తడం మిగిలే ఉన్నవి. చేతికి పని, నోటికి నామం. వీటిలో ఒక్క పనిని ఎంచుకొని, ఆ పని చేసేటప్పుడు నామం తప్ప వేరే మాట వద్దని పెట్టుకొంటే చాలు. అన్ని పనులలో చేద్దామని మొదలుపెట్టినవారు వారంలో మానివేయడం మేము చాలాసార్లు చూసినాము.

త్యాగరాజస్వామి నడకను సాధనగా చేసుకొన్నారు. తిరువయ్యారు వీధులలో తంబూరతో నామం పాడుకొంటూ ఉంఛవృత్తికి వెళ్ళేవారు. ఆయన 1767లో పుట్టినారు. 1781లో హైదరాలీ దండయాత్రకు తంజావూరు సీమ పాడుబడినప్పుడు పద్నాలుగేళ్ళవారు. ఆ తరువాత మరాఠా రాజుల అధికారం కంపెనీ వారి చేతిలోకి పోవడం కూడా కళ్ళారా చూసినారు. ఆయన కృతులు వినేటప్పుడు మనము కావేరి చల్లదనాన్నే ఊహిస్తాము, ఆ కాలపు కల్లోలాన్ని ఊహించము. రామదాసు చెరను ఆయన ఎంతో ఆర్ద్రంగా స్మరించుకొన్నారంటే అందుకు కారణం ఉన్నది.

ఇక నిత్యవిధి సంగతి. సంధ్యావందనంలో ప్రాణాయామం, అర్ఘ్యం, జపం ఉన్నవి. రోజుకు మూడు వేళలు. ఆ మూడు వేళలూ ఎవరి మనఃస్థితిని అడిగి వచ్చేవి కావు. సూర్యుడు ఉదయించినాడు కనుక చేయాలి, అంతే. ఇష్టం పుట్టినప్పుడు చేద్దామనుకొనే పనికి కష్టకాలంలో ఇష్టం పుట్టదు, గడియకు కట్టిన పని మాత్రం కాళ్ళు ఈడ్చుకొంటూనైనా సాగుతుంది. పెద్దలు ఆపద్ధర్మం కూడా ఆలోచించి పెట్టినారు. నూట ఎనిమిది జపం కుదరకపోతే ఇరవై ఎనిమిది, అదీ కుదరకపోతే పది. రోగులకూ, అశౌచంలో ఉన్నవారికీ సంక్షేపవిధి, మానసికవిధి చెప్పినారు. అంటే, మనిషికి చెడ్డరోజులు వస్తాయని ముందే ఎరిగి నియమాన్ని వంచి ఇచ్చినారు. మనమే పట్టుదలకు పోయి, నూట ఎనిమిది కుదరలేదు కాబట్టి అసలే మానేశామంటున్నాము.

ఉపనయనం లేనివారికి, స్త్రీలకు, ఎవరికైనా నామం ఉన్నది. జపం మూడు విధాలు: బయటికి వినబడేది, పెదవులు మాత్రం కదిలేది, మనస్సులోనే సాగేది. మానసజపం అన్నిటికంటే శ్రేష్ఠమని స్మృతి చెప్పినది. నిజమే. కాని గుండె దడదడలాడుతున్నప్పుడు మానసజపానికి కూర్చున్నవాడు రెండు నిమిషాలలో తన బెంగనే జపిస్తూ ఉంటాడు. అటువంటప్పుడు గొంతెత్తి పలకండి. రామదాసు పాడినాడు గాని మౌనంగా కూర్చోలేదు. గొంతుకు పని పడితే ఊపిరి దారికి వస్తుంది, ఊపిరి వెంట మనస్సు వస్తుంది.

ఈ మాటకు ఆధునిక వైద్యుల సాక్ష్యం కూడా ఉన్నది. 2001లో ఇటలీ దేశపు వైద్యబృందం ఒకటి ఇరవై ముగ్గురు ఆరోగ్యవంతులను పరీక్షించి, ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినది. వారిచేత క్రైస్తవుల జపమాల ప్రార్థనను, "ఓం మణి పద్మే హుం" అనే బౌద్ధమంత్రాన్ని పలికించినారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు నెమ్మదించినది. గుండె లయ, రక్తపోటు లయ దానితో జతగూడినవి. మామూలుగా మనము నిమిషానికి పన్నెండు మొదలు ఇరవైసార్లు ఊపిరి తీస్తాము. భయపడినప్పుడు ఇంకా ఎక్కువ. భాష వేరైనా, మతం వేరైనా మంత్రం పొడవు ఊపిరి పొడవుకు సరిపోయేటట్లు ఏర్పడి ఉండటం ఆశ్చర్యం కలిగించే విషయం. మంత్రమహిమ అంతా ఇంతేనని మేము అనము, ఇది కూడా ఉన్నదని మాత్రం చెబుతున్నాము.

గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో వ్రాసిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. చిన్నతనంలో ఆయనకు దయ్యాలంటే విపరీతమైన భయం. రంభ అనే ఇంటి దాది, రామనామం జపించు నాయనా, భయం పోతుందని చెప్పినది. ఆ దాది ఇచ్చిన మందు ఆయనకు జీవితాంతం పనికివచ్చినది. డెబ్బై ఏడేళ్ళ వయస్సులో, 1947 జనవరిలో, మతకల్లోలాలతో తగలబడిన నొవాఖాలీ గ్రామాలలో చెప్పులు లేకుండా నడిచినప్పుడు కూడా రోజూ ప్రార్థన మానలేదు. పసివాడి చీకటి భయానికి చెప్పిన నామం, నెత్తురు పారిన పల్లెలలో ముసలివానికి కూడా సరిపోయినది. పిల్లలకు పరీక్షలముందు వేయి జాగ్రత్తలు చెప్పే తల్లిదండ్రులు, వారికి ఊపిరి మెల్లగా విడుస్తూ ఒక నామం పలకడం నేర్పడం మరచిపోతున్నారు. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం ఇచ్చేలోపల అయిదు నామాలు పలికే వ్యవధి ఉంటుంది.

అలాగే బస్సు కోసం నిలుచున్న పావుగంట. ఆసుపత్రి వరండాలో, లోపలినుండి ఎవరో వచ్చి కబురు చెప్పేదాకా కూర్చున్న గంటలు. అక్కడ పెద్ద ధ్యానం కుదరదు. వేళ్ళ కణుపులమీద బొటనవ్రేలు జరుపుతూ పది లెక్కపెట్టడం కుదురుతుంది. కణుపుల లెక్కకు మాల కూడా అక్కరలేదు, ప్రక్కవానికి తెలియదు. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుండి మొదలుపెట్టండి. ఎన్నిసార్లు తప్పినా ఫరవాలేదు, మళ్ళీ మొదలుపెట్టడమే అభ్యాసం. అర్జునునికి స్వామి చెప్పిన అభ్యాసమన్న మాటకు ఇంతకంటె గొప్ప అర్థం వెతకవలసిన పని లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నెలల తరబడి నిద్ర లేక, తిండి సహించక, బ్రతుకు మీద విరక్తి పుట్టినవారిని "ధ్యానం చేసుకో, అదే పోతుంది" అని వదిలివేయడం పాపం. అది జబ్బు కావచ్చును, జబ్బుకు వైద్యుడు ఉన్నాడు. అరవిందులవంటివారే మతి చెడుతుందేమోనని భయపడినారని చెప్పుకొన్నాము కదా. అటువంటివారి ప్రక్కన కూర్చోండి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి, నామం మీరు చెప్పండి, వారు వింటారు.

ఇక మనస్సు బొత్తిగా నిలవనివారికి మన పెద్దలు చూపిన మరొక దారి వ్రాత. రామకోటి వ్రాయడం తెలుగునాట ఇంటింటా ఎరిగినదే. కన్ను చూస్తుంది, చేయి వ్రాస్తుంది, పెదవి పలుకుతుంది. మూడు ఇంద్రియాలను ఒక్క నామానికి కట్టివేయడం వల్ల మనస్సుకు పారిపోయే సందు తక్కువ. రోజుకు ఒక్క పేజీ చాలు. వ్రాసిన పుస్తకాలను భద్రాద్రికి తీసుకువెళ్ళి స్వామి సన్నిధిలో సమర్పించడం ఎందరికో మొక్కు.

అందుకు కూడా ఒక గడ్డుకాలం వచ్చినది. 2020 మార్చిలో కరోనా మహమ్మారి వల్ల ఆలయాలు మూతపడినవి. తిరుమల కొండపైనే దర్శనాలు ఆగిపోయినవి. ఆ ఏడాది ఏప్రిల్ 2వ తేదీన శ్రీరామనవమి. ఏటా వేలాది జనంతో మిథిలా స్టేడియంలో జరిగే సీతారాముల కల్యాణం, ఆలయం లోపల భక్తులు లేకుండా అర్చకుల నడుమ జరిగినది. జనం ఇళ్ళలో దూరదర్శనంలో చూసినారు. ఆ నెలలలో ఎందరో తెలుగువారు గుడికి పోలేక, బంధువుల అంత్యక్రియలకు కూడా పోలేక గదులలో ఉండిపోయినారు. పూలు లేవు, తీర్థం లేదు, పలకరించే మనిషి లేడు. గోపన్నకు మిగిలిన మూడే వారికీ మిగిలినవి. ఇంటి ముందు గదిలో ఒకరు జపిస్తే, వెనుక గదిలో జ్వరంతో ఉన్నవారు విన్నారు. ఫోనులోనే విష్ణుసహస్రనామం కలిసి పారాయణ చేసిన కుటుంబాలున్నవి. అమెరికాలో కొడుకు, కాకినాడలో తల్లి, ఒకే వేళకు దీపం పెట్టుకొన్న ఇళ్ళున్నవి.

రెండేళ్ళ తరువాత 2022 ఏప్రిల్ 10వ తేదీన మిథిలా స్టేడియంలో భక్తుల నడుమ కల్యాణం మళ్ళీ జరిగినది. ముత్యాల తలంబ్రాలు మళ్ళీ అందరి ఎదుట పోసినారు.